వాహనాల లోపలి పదార్థాలు – వాటి పరీక్షలు

క్రొత్త కారు తలుపు తీయగానే ఒక విధమైన వాసన వస్తుంది. దానిని క్రొత్తదనానికి గుర్తుగా భావించి సంతోషించేవారు చాలామంది. నిజానికి అది సీట్లలోని స్పాంజి, రెగ్జిన్, ప్లాస్టిక్, జిగురు మొదలైనవి విడుదల చేసే ఆవిరుల వాసన. ఇట్టి పదార్థాలను ఎట్లు పరీక్షిస్తారో, ఆ పరీక్షలు మనకు ఎంతవరకు రక్షణ కల్పిస్తాయో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

ఈ పరీక్షలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది గాలికి సంబంధించినది. పదార్థపు ముక్కను మూసిన పాత్రలో వేడిచేసి, వెలువడిన ఆవిరులలో బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటివి ఎంత ఉన్నవో యంత్రాలతో కొలుస్తారు. బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారణం కాగలదు. ఫార్మాల్డిహైడ్ కళ్ళను, గొంతును మండిస్తుంది. జర్మనీ పద్ధతిలోనైతే మనుషులే వాసన చూచి 1 నుండి 6 వరకు మార్కులు వేస్తారు. మన పరీక్షలకు భిన్నంగా, ఇక్కడ మార్కులు పెరిగినకొద్దీ పదార్థం చెడ్డదని అర్థం. చైనా 2011లో కారులోని గాలికి సంబంధించి ఎనిమిది రసాయనాలకు పరిమితులు సూచించింది. వేడి పెరిగితే ఆవిరులూ పెరుగుతాయి. కనుక జగిత్యాల, కోరుట్ల ఎండల్లో నిలిపిన కారు అద్దాలు దించి, లోపలి గాలి బయటకు పోయిన తరువాతనే ఎక్కడం మేలు.

రెండవది నిప్పుకు సంబంధించినది. అమెరికాలో 1972 నుండి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం, 356 మిల్లీమీటర్ల పొడవు గల పదార్థపు పట్టీని అడ్డంగా బిగించి, దాని కొసకు 15 సెకన్లు మంట తగిలిస్తారు. మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి ప్రాకరాదు. మన దేశంలోనూ ఇట్టి పరీక్షకు ఐ.ఎస్. 15061 అనే ప్రమాణం కలదు.

అయితే ఈ పరీక్షకు హద్దులున్నవి. పట్టీని అడ్డంగా పరుస్తారు. బస్సులో పరదా నిలువుగా వ్రేలాడుతుంది. నిలువుగా ఉన్న బట్టపై మంట ఎంతో వేగంగా పైకి ఎగబ్రాకుతుంది. సిరిసిల్ల మరమగ్గాల నడుమ పెరిగిన విద్యార్థులకు ఒక సంగతి తెలిసే ఉంటుంది: నూలు పోగు కాలి బూడిద అవుతుంది, పాలిస్టర్ పోగు కరిగి ముద్దకట్టి, చుక్కలుగా రాలుతుంది. మండుతూ రాలే ఆ చుక్కలు మరొక చోట నిప్పు అంటించగలవు. పైగా ఈ పరీక్ష పొగను కొలవదు. స్పాంజి కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వంటి విషవాయువులు పుడతాయి. మంట చేరకముందే మనిషిని పడగొట్టేవి అవే.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలెం వద్ద బెంగళూరు నుండి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొని దగ్ధమై 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద మరొక బస్సు కాలిపోయింది. నిప్పు పుట్టుకకు కారణాలు వేరు కావచ్చు. కాని ప్రయాణికులకు తప్పించుకొనుటకు ఎన్ని నిమిషాలు మిగులుతాయన్నది చాలావరకు లోపలి పదార్థాలపై ఆధారపడి ఉంటుంది.

కర్మాగారంలో పరీక్షకు నిలిచిన సీటుపై మనం బజారులో కుట్టించిన కవరు తొడుగుతాము. పరదాలు, తివాచీలు చేరుస్తాము. వాటిని పరీక్షించినవారెవరు? గల్ఫ్‌కు పోయే బంధువును సాగనంపుటకు బండి మాట్లాడుకున్నా, విహారయాత్రకు కళాశాల బస్సు కుదుర్చుకున్నా, అద్దె ఎంతని అడిగే ముందు అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, అద్దం పగులగొట్టే సుత్తి ఉన్నదా అని అడగాలని విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి.