కృతికర్త, విక్రేత, వాడుకరి: మైఖేల్ గ్రేవ్స్ – టార్గెట్ భాగస్వామ్యం

1. ప్రవేశిక

కావ్యానికి కృతికర్తతోపాటు కృతిభర్త కూడా ఉండడం తెలుగు సాహిత్యవిద్యార్థులకు పరిచితమైన విషయమే. కవి రచించిన కావ్యం అంకితం పుచ్చుకొన్న పోషకుని పేరును తరతరాలకు మోస్తుంది. గృహోపకరణాల రూపకల్పనలో ఈ సంబంధం తలకిందులైన తీరును అమెరికా వాస్తుశిల్పి మైఖేల్ గ్రేవ్స్ (1934–2015)కూ, చిల్లర విక్రయసంస్థ టార్గెట్‌కూ మధ్య 1999 నుంచి 2012 వరకు సాగిన భాగస్వామ్యంలో గమనించవచ్చు.

2. పూర్వరంగం

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన గ్రేవ్స్, పోర్ట్‌లాండ్ భవనం (1982)తో ఆధునికోత్తర వాస్తుశైలికి ప్రతినిధిగా ప్రసిద్ధి పొందారు. 1985లో ఇటలీ సంస్థ అలెస్సీ కోసం ఆయన ఒక కెటిల్ రూపొందించారు. నీళ్లు మరగగానే దాని మూతికున్న చిన్న పక్షిబొమ్మ ఈల వేస్తుంది. అది ఎంతో పేరు తెచ్చుకొన్నా, ధరరీత్యా సామాన్యులకు అందలేదు. తరువాత వాషింగ్టన్ స్మారకస్తంభం పునరుద్ధరణకు టార్గెట్ ఆర్థికసహాయం చేసినప్పుడు, స్తంభం చుట్టూ కట్టిన పరంజాను గ్రేవ్స్ రూపొందించారు. ఆ పరిచయమే వంటింటి వస్తువులకు దారి తీసింది.

3. భాగస్వామ్య స్వరూపం

1999లో గ్రేవ్స్ రూపొందించిన కెటిళ్లు, టోస్టర్లు, గడియారాలు, గరిటెలు టార్గెట్ దుకాణాలకు వచ్చాయి. వాటి గుండ్రని ఆకృతులు, చేతినిండా పట్టుకోదగిన పిడులు అలెస్సీ కెటిల్‌ను తలపించేవి. ధర మాత్రం దానికంటే చాలా తక్కువ. పెట్టెలపై రూపకర్త పేరు అచ్చయ్యేది. అంటే ఇక్కడ కృతికర్త పేరునే విక్రేత మోశాడు. చవక సరుకుకు అందం అక్కరలేదన్న భావనను దాటడానికి టార్గెట్‌కు గ్రేవ్స్ పేరు కావాలి. సామాన్యుల ఇళ్లకు చేరడానికి గ్రేవ్స్‌కు టార్గెట్ దుకాణాలు కావాలి. ఒకరి లోటును మరొకరు తీర్చడమే ఈ బంధం పదమూడేళ్లు నిలవడానికి ప్రధాన కారణమని చెప్పవచ్చు.

భవనాలు కట్టే శిల్పి గరిటెలు గీయడం స్థాయిని తగ్గించుకోవడమే కదా అన్న ప్రశ్న సహజం. అయితే అమెరికా వాస్తుశిల్పుల సంస్థ తన స్వర్ణపతకాన్ని గ్రేవ్స్‌కు ఇచ్చినది ఈ భాగస్వామ్యం సాగుతున్న కాలంలోనే, 2001లో. అసలు ప్రమాదం మరొకటి: పేరుకే విలువ పెరిగితే వస్తువు వట్టి ముద్రగా మిగిలిపోతుంది. అలా మిగలకుండా కాపాడగలిగినది పిడి పట్టుకొనే చేతిని గురించిన ఆలోచన ఒక్కటే.

4. ముగింపు

2003లో వ్యాధి సోకి గ్రేవ్స్‌కు నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ తరువాత ఆయన టార్గెట్‌తో పనిచేస్తూనే, రోగులకు అనువైన ఆసుపత్రి సామగ్రి రూపకల్పనకూ పూనుకొన్నారు. గరిటె పిడిలోనూ, ఆసుపత్రి కుర్చీలోనూ ఆయన చూసినది వాడుకరి అవసరాన్నే. సహృదయుడు లేనిదే కావ్యానికి సార్థక్యం లేనట్లు, వాడుకరి లేనిదే కృతికర్తకూ విక్రేతకూ మధ్య కుదిరిన ఏ ఒప్పందమూ సంపూర్ణం కాదు.