మోటారు కాలుతోంది, నేరం ఎవరిది?

మన ప్రాంతంలో చలికాలానికి ఓ మందపాటి దుప్పటి చాలు. కాని ఇక్కడ చదువు ముగించి అమెరికా ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్ళిన మిత్రులకు చలి అంటే మంచే. అక్కడ కొన్ని ఇళ్ళల్లో పెల్లెట్ స్టవ్ అనే పొయ్యి ఉంటుంది. రంపపు పొట్టును గట్టిగా నొక్కి, సుమారు 6 మిల్లీమీటర్ల లావున చేసిన గుళికలే దీనికి ఇంధనం. ఇందులో సాధారణంగా రెండు బ్లోయర్లు. ఒకటి పొగను బయటికి నెడుతుంది. రెండోది గదిలోని చల్లగాలిని లాగి, వేడి గొట్టాల మీదుగా మళ్ళీ గదిలోకి ఊదుతుంది.

ఈ రెండో బ్లోయరు అరగంట తిరిగి ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ తిరుగుతుంది. "మోటారు పోయింది, కొత్తది కొనాల్సిందే" అంటారు. తొందరపడకండి! మిక్సీలో పిండి మరీ గట్టిగా వేస్తే ఆగిపోదూ? అడుగున మీట నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. ఇక్కడా అలాంటి రక్షణ మీటే ఉంది. అయితే చాలావాటిలో చల్లారగానే దానంతటదే కలుస్తుంది. అంటే ఆగిపోవడం జబ్బు కాదు, జబ్బుకు గుర్తు.

మరి వేడి ఎందుకు? గాలిదారి మూసుకుంటే మోటారుకు బరువు పెరుగుతుందనుకుంటాం. నిజానికి ఇలాంటి బ్లోయరుకు గాలి అందకపోతే పని తగ్గుతుంది. కాని మోటారును చల్లబరిచేదీ ఆ గాలే కదా! అది లేక, పక్కనున్న పొయ్యి సెగకు మాడుతుంది. బేరింగు ఎండిపోతే కథ వేరు. వేగం తగ్గి, కరెంటు ఎక్కువ లాగి, చుట్టలు వేడెక్కుతాయి.

కనుక వరస ఇది. పొయ్యి పూర్తిగా చల్లారనిచ్చి ప్లగ్గు పీకండి. ఫ్యాను రెక్కను వేలితో తిప్పండి. సులువుగా తిరిగి, మెల్లగా ఆగాలి. బిగుసుకుంటే బేరింగు దోషం. నూనె రంధ్రం ఉన్న మోటారుకు రెండు మూడు చుక్కల మోటారు నూనె చాలు. సీలు వేసిన బేరింగుకు నూనె పనికిరాదు, మార్చాల్సిందే. తరువాత రెక్కల మీది దుమ్ము, కుక్కపిల్లి బొచ్చు బ్రష్షుతో దులపండి. వెనక జాలీ, గోడకు ఉండాల్సిన ఎడం చూడండి. గొట్టాలకు పట్టిన బూడిద గీకండి. ఇవన్నీ అయ్యాకే మీటరుతో వోల్టేజి, చుట్టల నిరోధం చూడాలి. చుట్టకూ మోటారు ఒంటికీ సంబంధం కలిసిందా, అప్పుడే కొత్త మోటారు.

ఒక్క పని మాత్రం చెయ్యకండి. రక్షణ మీట మాటిమాటికీ ఆపేస్తోందని దాన్ని తీగతో కలిపేయకండి. ఆ రాత్రికి ఇల్లు వెచ్చగానే ఉంటుంది, తెల్లారేసరికి ఇల్లు ఉంటుందా అన్నదే ప్రశ్న. పొగ బ్లోయరు విషయంలో మరీ జాగ్రత్త. దాని అతుకు వదులైతే వాసన లేని కార్బన్ మోనాక్సైడు గదిలోకి వస్తుంది. పడకగది దగ్గర దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి.

యంత్రం ఆగిపోతే మనం విసుక్కుంటాం. ఒక్కోసారి అది ఆగడమే మనల్ని కాపాడుతుంది.