చికెన్ ప్యాకెట్ మీది కోడ్: అపోహలు – వాస్తవాలు

చికెన్ కొనే ముందు ఫోన్ తీసి ప్యాకెట్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం మంచి అలవాటే. చిక్కల్లా అక్కడ మందుల గురించి చదివిన మాటను ఎలా అర్థం చేసుకుంటామన్నదే.

అపోహ: ‘యాంటీబయాటిక్ అవశేషాలు లేవు’ అంటే ఆ కోడికి అసలు మందే వేయలేదు.

వాస్తవం: ఈ రెండూ వేర్వేరు. మందు ఆపాక నిర్ణీత రోజులు ఆగి కోస్తే, ఆలోగా అది కోడి ఒంట్లోంచి చాలావరకు పోతుంది. ఆ గడువునే విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. అప్పుడు పరీక్ష చేస్తే మాంసం పాసవుతుంది. అందులో మోసమేమీ లేదు. కానీ మందు వాడినన్నాళ్లూ కోడి పేగుల్లో లొంగే బ్యాక్టీరియా చచ్చి, లొంగనిది బతికి పెరుగుతుంది. రెట్టతోపాటు నేలలోకి, నీళ్లలోకి, షెడ్డులో పనిచేసేవాళ్ల చేతుల మీదికి చేరుతుంది. రేపు మనకో జబ్బు చేస్తే మందు పనిచేయకుండా పోయేది ఇలాగే. నన్నడిగితే అవశేషాలకన్నా దీనికే ఎక్కువ భయపడాలి.

అపోహ: బాగా ఉడికిస్తే అన్నీ పోతాయి.

వాస్తవం: బ్యాక్టీరియా చస్తుంది. మందు అవశేషాల్లో కొన్ని తగ్గుతాయి, కొన్ని వేడిని తట్టుకుంటాయి. పచ్చి మాంసం కోసిన కత్తిని కడగకుండా దానితోనే కీరా తరిగితే మాత్రం ఎంత ఉడికించినా లాభం లేదు.

అపోహ: ఫారంలో మందు వాడడమే తప్పు.

వాస్తవం: జబ్బుపడ్డ కోళ్లకు పశువైద్యుడు రాసిచ్చిన మందు వేయడం తప్పు కాదు. జబ్బు లేకుండానే త్వరగా బరువు పెరగాలని దాణాలో కలపడం తప్పు. యూరోపియన్ యూనియన్ దీన్ని 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. మనుషులకు చివరి ఆశగా దాచుకున్న యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు, చేపలకు, దాణాలో వాడడాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. ‘ఏ మందూ వేయలేదు’ అనిపించుకోవడానికి జబ్బుపడ్డ కోళ్లను అలాగే వదిలేసే రైతుకన్నా, వేసిన మందు పేరు రాసిపెట్టే రైతునే నేను నమ్ముతాను.

అపోహ: కోడ్ స్కాన్ చేస్తే నిజమంతా తెలిసిపోతుంది.

వాస్తవం: తెరుచుకునేది కంపెనీ రాసుకున్న పేజీ. అమెరికాలో ‘యాంటీబయాటిక్స్ లేకుండా పెంచినది’ అని రాయాలంటే వ్యవసాయ శాఖ ఆమోదం కావాలి. అయినా ఆ లేబుల్‌తో అమ్మే మాంసం కోసం పెంచిన పశువుల నమూనాల్లో దాదాపు 20 శాతంలో అవశేషాలు దొరికాయని 2024 ఆగస్టులో ఆ శాఖే ప్రకటించింది. అందుకే ఆ పేజీలో నాలుగు సంగతులు వెతకండి: ఆ బ్యాచ్‌కు ఏ మందు వాడారు, ఎందుకు, ఎన్ని రోజులు, పరీక్షించిన ల్యాబ్ ఏది. అవి లేకపోతే ప్యాకెట్ మీది నంబరుకు ఫోన్ చేసి అడగండి.