ఇంజన్ మిస్సింగ్: హెచ్చరిక దీపం నుంచి అసలు కారణం దాకా

పెట్రోలు కారు ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నిలిపి ఉంచినప్పుడు, ఒక తీరున నడవక అదురుతూ, బయలుదేరి వేగం అందుకోబోతే జర్కులు ఇస్తూ, దానితోపాటు మీటర్ల పలకపై ఇంజన్ బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం కూడా వెలిగితే, ఆ స్థితిని మెకానిక్ షెడ్లలో ‘మిస్సింగ్’ అంటారు. ఏదో ఒక సిలిండర్‌లో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం మండవలసిన క్షణంలో మండలేదని, లేదా అరకొరగా మండిందని దాని అర్థం. ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, ప్రతి సిలిండర్‌లోనూ రెండు చుట్లకొకసారి చొప్పున నిమిషానికి 400 సార్లు మంట పుట్టాలి. వాటిలో కొన్ని తప్పినా ఆ లోటు స్టీరింగ్ మీది చేతికి తెలుస్తుంది.

ఆ లోటును చేతికంటే ముందుగా కారులోని కంప్యూటర్ పసిగడుతుంది. ఇంజన్ ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ దగ్గర అమర్చిన సెన్సర్ దాని వేగాన్ని అనుక్షణం కొలుస్తూ ఉంటుంది కనుక, మంట తప్పినప్పుడు ఇరుసు ఏ సిలిండర్ వంతులో మందగించిందో లెక్కగట్టి, మొదటి సిలిండర్ అయితే పీ0301, రెండవదైతే పీ0302 అని, తప్పులు ఒకే సిలిండర్‌కు పరిమితం కాకపోతే పీ0300 అని కంప్యూటర్ కోడు నమోదు చేస్తుంది. ఓబీడీ అనే ఈ స్వయంపరిశీలన వ్యవస్థ రెండవ తరం రూపం అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2010 ఏప్రిల్ నుంచి మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండవ దశ వచ్చాయి. చట్టం దీనిని కోరింది పొగ కాలుష్యాన్ని అదుపు చేయడానికి. కారు హాయిగా నడుస్తున్నా దీపం వెలగడానికి, కొన్నిసార్లు ఇంజన్ అదురుతున్నా వెలగకపోవడానికి కారణం ఈ పుట్టుకలోనే ఉంది.

దీపం నిలకడగా వెలుగుతుంటే జాగ్రత్తగా షెడ్డుకు చేరవచ్చు. అది మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంటే మాత్రం వెంటనే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా కారు ఆపివేయాలి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి వెళ్లి, విషవాయువులను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది; ఆ వేడికి ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలు పూసిన లోపలి తేనెపట్టు నిర్మాణం కరిగిపోగలదు. ఒక ప్లగ్గుతో పోయే ఖర్చు పదింతలకు పైగా పెరిగేది ఈ నిర్లక్ష్యం వల్లనే.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలించి, కోడుతోపాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ను, అంటే తప్పు జరిగిన క్షణంలో ఇంజన్ వేగం, వేడి, భారం ఎంతెంత ఉన్నాయో చెప్పే నమోదును, ముందుగా రాసి పెట్టుకోవాలి. కోడు చెరిపివేసినా, కొన్ని కార్లలో బ్యాటరీ వైరు విప్పినా ఆ ఆధారం పోతుంది. దీపం ఆర్పి పంపడాన్ని మరమ్మతుగా చూపడం, కోడు పేరు చూసి వరుసగా భాగాలు మార్చడం కారు యజమానికి జరిగే అన్యాయమే. కోడు చోటును చూపుతుంది. కారణాన్ని పరీక్షతోనే తేల్చాలి.

ఆ పరీక్షల్లో చవకైనదీ నమ్మదగినదీ తారుమారు పరీక్ష. ప్రతి ప్లగ్గు మీదా విడి కాయిల్ ఉన్న ఇంజన్‌లో పీ0302 వచ్చిందనుకుంటే, రెండవ సిలిండర్ కాయిల్‌ను మూడవదానికి, మూడవదాని కాయిల్‌ను రెండవదానికి మార్చి నడపాలి. కోడు పీ0303గా మారితే దోషం కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గునూ, తరువాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌నూ అదే విధంగా పరీక్షించాలి. విప్పిన ప్లగ్గు రంగు కూడా సాక్ష్యమే: లేత గోధుమ రంగు ఆరోగ్యానికి, పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువవడానికి, జిడ్డు ఇంజన్ ఆయిల్ లోపలికి దిగడానికి గుర్తు. ప్లగ్గు గుంతలో వాననీరో, ఇంజన్ కడిగిన నీరో నిలిచినా, ఎలుకలు వైరు కొరికినా మిస్సింగ్ వస్తుంది కనుక, కొనుగోళ్లకు ముందు టార్చిలైటుతో చూడడం మేలు.

మిశ్రమం పలుచబడిందని చెప్పే పీ0171 కోడు దగ్గర పొరపాట్లు ఎక్కువ. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి సరైన పాలు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి కంప్యూటర్ పెట్రోలును కొంత శాతం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ శాతాన్నే ‘ఫ్యూయల్ ట్రిమ్’ అంటారు. ఐడ్లింగ్‌లో బాగా పెరిగిన ట్రిమ్, ఇంజన్‌ను 2,500 చుట్లకు లేపితే మామూలుకు వస్తున్నదంటే పగిలిన గొట్టం గుండానో, గాస్కెట్ గుండానో దొంగగాలి లోపలికి చొరబడుతున్నదని అనుమానించాలి. భారం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు పంపును, ఫిల్టర్‌ను చూడాలి. మరొక చిక్కు ఏమిటంటే, మంట తప్పిన సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అలాగే బయటికి పోతుంది కనుక, పెట్రోలు సరిపడా ఉన్నా సెన్సర్‌కు మిశ్రమం పలుచగానే కనిపిస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పిన ఆ ఆక్సిజన్ సెన్సర్‌ను నిందించి మార్చడం వృథా ఖర్చు.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే కంప్రెషన్ పరీక్షకు వెళ్లాలి. ప్లగ్గు రంధ్రంలో మీటరు బిగించి కొలిచినప్పుడు ఒక సిలిండర్ మిగతావాటికంటే చాలా తక్కువ చూపితే, అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదని ఊహించవచ్చు.

మరమ్మతు తరువాత కోడు చెరపకుండా వదిలినా, తప్పు మళ్లీ కనబడకుండా సాధారణంగా వరుసగా మూడు ప్రయాణ చక్రాలు గడిస్తే కంప్యూటరే దీపాన్ని ఆర్పివేస్తుంది.