బిరడాను తోసేసిన నూనె

రైలు పెట్టె బరువును ఇరుసు కొసల మీద కూర్చున్న బేరింగులు మోస్తాయి. వాటికి నూనె ఎలా అందిస్తే రాపిడి తగ్గుతుందో తేల్చమని ఇంగ్లండులో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ బీచమ్ టవర్ అనే ఇంజనీరుకు పని అప్పజెప్పింది. 1883లో ఆయన ఇరుసు అడుగు భాగం నూనె తొట్టిలో తడిసేలా తిప్పుతూ, పైనున్న బేరింగుకు నడిమధ్య అర అంగుళం బెజ్జం వేయించాడు, అక్కణ్ణుంచి నూనె పోద్దామని. పోయడం మాట అటుంచి, లోపలి నూనే బెజ్జంలోంచి పైకి పొంగింది. బిరడా పెడితే ఊడొచ్చింది. చెక్కముక్క దిగ్గొడితే అదీ మెల్లగా పైకి లేచింది. చివరికి ఒత్తిడి కొలిచే గేజి బిగించారు. బేరింగు మీద మోపిన బరువు సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లు. గేజి 200 దాకానే చూపగలదు; ముల్లు ఆ చివరి గీతా దాటిపోయింది.

అంటే ఇరుసు, బేరింగు ఒకదాన్నొకటి తాకడమే లేదు. బండి నూనె పొర మీద తేలుతోంది. పంపు ఎవరూ పెట్టలేదు, ఇరుసే పంపు. ఆ గుట్టును 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి విప్పాడు. ఇరుసుకూ బేరింగుకూ మధ్య సందు ఒకవైపు వెడల్పు, రెండోవైపు ఇరుకు. తిరిగే ఇరుసు జిగట నూనెను వెంటబెట్టుకుని ఇరుకులోకి లాక్కెళుతుంది. చోటు చాలక అక్కడ ఒత్తిడి పెరిగి, అదే బరువును ఎత్తి పట్టుకుంటుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. జిగట లేకపోతే పొర నిలవదు. ఆ జిగటే శక్తిని తినేసి వేడిగా మారుస్తుంది. 1902లో జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ కొలతలు దీన్ని గీతలో చూపించాయి. వేగం తక్కువైతే లోహం లోహాన్ని గీరుకుంటుంది. వేగం పెరిగే కొద్దీ రాపిడి బాగా దిగుతుంది. ఇంకా పెంచితే మళ్ళీ ఎక్కుతుంది, ఈసారి తప్పు నూనెదే. నూనెను పల్చన చేస్తే గీతలో కుడి వైపున్న ఈ గట్టు తగ్గుతుంది గానీ, లోహాలు రాసుకునే ఎడమ గట్టుకు జారిపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఆ ఎడమ గట్టుకు మందు ఆముదం లాంటి నూనెల్లో దొరికింది. చిక్కదనం సమానమే అయినా అవి రాతినూనె కంటే బాగా జారతాయని పనివాళ్ళకు ముందే తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు పోసింది ఆముదమే. (ఆ తుంపరలు పీల్చిన పైలట్ల కడుపుల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.) 1920 ప్రాంతంలో బ్రిటన్‌లో వెల్స్, సౌత్‌కూంబ్ అనే ఇద్దరు రాతినూనెకు ఒకటి రెండు శాతం కొవ్వు ఆమ్లం కలిపి చూస్తే రాపిడి తగ్గింది. ఆ అణువుల తల లోహాన్ని అంటుకుంటుంది, తోకలు నారుమడిలో మొలకల్లా నిలబడతాయి. పొర తెగినా లోహాలను ఎడంగా ఉంచేవి అవే.

వేడికి నూనె పల్చబడటం ఇంకో చిక్కు. దానికి పొడవాటి పాలిమర్ గొలుసులు కలిపారు. చల్లగా ఉంటే అవి ముడుచుకుంటాయి, వేడెక్కితే విచ్చుకుని నూనెను మరీ నీళ్ళు కానివ్వవు. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని రెండంకెలు ఉండేది ఇందుకే. ‘డబ్ల్యూ’ చలికాలానికి గుర్తు.

నూనె చిక్కగా ఉంటేనే ఇంజనుకు మంచిదని మెకానిక్కులు ఇప్పటికీ అంటుంటారు. అరిగి సందులు పెరిగిన పాత ఇంజను విషయంలో అది కొంత నిజమే. 0డబ్ల్యూ-20 పోయమన్న కొత్త కారులో చిక్కటి నూనె పోయడం మాత్రం పెట్రోలు పారబోసుకోవడమే. ఆ పల్చని నూనెకు కాపలా లేకపోలేదు. పిస్టను ప్రతి పరుగు చివరా క్షణం ఆగుతుంది, అక్కడ పొర నిలవదు. అందుకే మాలిబ్డినం సమ్మేళనాలు కలుపుతారు. రాసుకున్న చోటే అవి మాలిబ్డినం డైసల్ఫైడ్ రేకులుగా మారి ఒకదాని మీద ఒకటి జారతాయి.

ఎలక్ట్రిక్ కారుకు ఇంజన్ ఆయిల్ అక్కర్లేదు గానీ గేర్లకు నూనె తప్పదు. మోటారు నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంటే, చిక్కటి నూనెను చిలకడానికే కొంత బ్యాటరీ ఖర్చవుతుంది. పైగా కొన్ని కార్లలో ఆ నూనే మోటారులోని రాగి చుట్లనూ చల్లబరచాలి. రాగిని తినకూడదు, కరెంటును పాకనివ్వకూడదు.