పొగగొట్టమునకు ఏ పూత నిలుచును?

చిత్తూరునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున బాహుదానది ఒడ్డున కాణిపాకము కలదు. ఈ ప్రాంతమున క్రొత్త వాహనము కొన్నవారు దానిని మొదట అచ్చటికి తెచ్చి పూజ చేయించుట పరిపాటి. ఆనాడు మోటారు సైకిళ్ళ పొగగొట్టములు అద్దమువలె మెరయుచుండును. రెండు మూడు వానకాలములు గడచిన పిమ్మట అవియే త్రుప్పుపట్టి కనబడును. అప్పుడు ఏ రంగు వేయించవలెనను ప్రశ్న పుట్టును.

నేనును ఒకసారి ఒక పనివానిచేత నా బండి గొట్టమునకు 'వెండిరంగు' వేయించితిని. ఆరిన తరువాత కాణిపాకము పోయివచ్చితిని. ఇల్లు చేరునప్పటికి ఇంజను దగ్గరి భాగమున రంగు నల్లబడి పెచ్చులుగా ఊడినది. వెనుకనున్న సైలెన్సరుపై మాత్రము చెక్కుచెదరలేదు. ఒకే డబ్బాలోని రంగు ఒకచోట నిలిచి వేరొకచోట ఊడుటకు కారణమేమి?

మొదటి కారణము ఉష్ణోగ్రతలోని తేడా. ఇంజను నుండి వెలువడు వాయువుల వేడిమి సుమారు 600 నుండి 800 సెంటిగ్రేడు డిగ్రీల వరకు ఉండును. ఇంజనును అంటియున్న వంపు గొట్టము పైభాగము 300 నుండి 500 డిగ్రీల వరకు వేడెక్కవచ్చును. సైలెన్సరు చివర వేడి అంతకంటె చాల తక్కువ. ఇద్దరిని ఎక్కించుకొని తక్కువ గేరులో ఘాటు రోడ్డు ఎక్కునప్పుడు గొట్టము మరింత కాలును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 నిబంధనల ప్రకారము తయారైన బండ్లలో ఉత్ప్రేరక పాత్ర ఉన్నచోటు కూడ మిక్కిలి వేడెక్కును.

ఉష్ణమాపకము లేకున్నను ఈ వేడిని కొంతవరకు ఊహింపవచ్చును. శుభ్రమైన ఉక్కు సుమారు 220 డిగ్రీల వద్ద గడ్డిరంగును, 280 వద్ద ఊదారంగును, 300 వద్ద నీలిరంగును పొందును. ఆమ్లజనితో కలసి ఏర్పడిన పలుచని పొరపై కాంతి పడుటవలన, సబ్బుబుడగపై వలెనే, ఈ రంగులు పుట్టుచున్నవి. ఉలికి పదును పెట్టు కమ్మరికి ఇవి బాగుగా తెలియును. చీకటిలో గొట్టము మసక ఎరుపుగా కనబడినచో వేడి 500 డిగ్రీలు దాటినదని గ్రహింపవలెను.

రెండవ కారణము పూత నిర్మాణములో ఉన్నది. ప్రతి రంగులోను రెండు ముఖ్యభాగములు గలవు: రంగునిచ్చు పొడి, ఆ పొడిని లోహమునకు పట్టియుంచు బంధకము. వెండిరంగులోని పొడి అల్యూమినియము. అది 660 డిగ్రీల వరకు కరగదు. కాని దానిని పట్టియుంచు వార్నిషు కర్బనపు గొలుసులతో ఏర్పడినది. 150 డిగ్రీలు దాటినచో అది పసుపెక్కి క్రమముగా మాడిపోవును. పొడి ఓర్చుకొన్నను బంధకము ఓర్చుకొనలేదు. నా బండికి జరిగిన దిదియే.

సిలికోను రెసిన్ అను బంధకము వేరు విధమైనది. దాని గొలుసులో సిలికాన్, ఆమ్లజని పరమాణువులు ఒకటి విడిచి ఒకటి కూర్చబడి ఉండును. ఇసుకలో ఉన్నదియు ఇట్టి బంధమే. ఇంగ్లండులో కిప్పింగు పరిశోధించిన ఈ పదార్థములను చౌకగా తయారుచేయు మార్గమును 1940లో అమెరికాలో రోకో కనుగొనెను. ఎక్కువ వేడికి దీనిలోని కర్బనభాగము కాలిపోయినను, మిగిలిన సిలికా అల్యూమినియపు రేకులను పట్టియుంచును. కావున ఇట్టి పూత 500, 600 డిగ్రీల వరకు నిలువగలదు.

మూడవ పరీక్ష వ్యాకోచము. ఒక డిగ్రీ వేడికి ఉక్కు తన పొడవులో పదిలక్షల వంతులలో 12 వంతులు పెరుగును. 60 సెంటిమీటర్ల గొట్టము 400 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 3 మిల్లీమీటర్లు సాగును. ఆ సాగుదలకు లొంగని మందపు పూత పగులును. అందుచే రెండు మూడు పలుచని పూతలే మేలు. యశదపు పూత త్రుప్పును చక్కగా ఆపును. కాని యశదము 419 డిగ్రీలకే కరగును గనుక వంపు గొట్టమునకు తగదు. పింగాణి వంటి పూతలు వేడికి బాగుగా నిలుచును. కాని వాటిని వేయుటకు కార్ఖానా కొలిమి కావలెను.

కాణిపాకములో అబద్ధపు ప్రమాణము చేయుటకు జనులు జంకుదురు. డబ్బాపై చీటీ అబద్ధమాడకున్నను చదువరి పొరపడవచ్చును. 1200 డిగ్రీలని ఉన్నచో అది ఫారన్‌హీటు కావచ్చును. అనగా సుమారు 650 సెంటిగ్రేడు డిగ్రీలు మాత్రమే. 600 ఫారన్‌హీటు అనగా 316 మాత్రమే.

మంచి పూతయైనను త్రుప్పుపైన నిలువదు. ఇనుప బ్రష్షుతోను, ఎమరీ కాగితముతోను త్రుప్పును పోగొట్టి, జిడ్డును థిన్నరుతో తుడిచి, పిమ్మట చేతితో తాకక పూయవలెను. సిలికోను పూత ఆరినట్లు కనబడినను వేడి తగిలినగాని గట్టిపడదు. డబ్బాపై సూచించినట్లు ఇంజనును కొద్ది కొద్దిగా నడపి, చల్లార్చి, మరల వేడిచేయవలెను.

పూత చేయలేని పనులును కలవు. 114 గ్రాముల ఆక్టేను కాలినచో 162 గ్రాముల నీరు ఏర్పడును. ఆ లెక్కన లీటరు పెట్రోలు నుండి ఇంచుమించు లీటరు నీరు పుట్టును. కొద్దిదూరము మాత్రమే తిరుగు బండిలో ఆ ఆవిరి చల్లని సైలెన్సరులో నీరై, లోపలినుండి త్రుప్పు పట్టించును. పైపూత దానిని ఆపలేదు. కాలినొప్పిని కూడ ఆపలేదు: 70 డిగ్రీల లోహము ఒక్క సెకండు తగిలినను చర్మము కాలును. పిల్లలను గొట్టము లేని ప్రక్కకే దింపవలెను.

ఉపాధ్యాయులు దీనిని ఆరుబయట చూపవచ్చును. రెండు ఇనుపరేకులలో ఒకదానికి వెండిరంగును, రెండవదానికి సిలికోను రంగును పూసి, బాగుగా ఆరనిచ్చి, పట్టుకారుతో పట్టి సారాదీపముపై వేడిచేయవలెను. పొగ పీల్చరాదు. మొదట మాడునది ఏదో, ఎందుచేతనో విద్యార్థులే చెప్పగలరు. పూతను ఎన్నుకొనునప్పుడు దాని మెరుపునుగాక, దానిని పట్టియుంచు బంధకమును చూడవలెనని వారికి అప్పుడు బోధపడును.