చేతికి వచ్చిన చదువు

మన రచ్చబండలమీద తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. “బడిలో పిల్లలు పుల్లలు లెక్కించుచున్నారు, రాళ్లు ఏరుచున్నారు, గింజలు నానవేయుచున్నారు. ఇక చదువెప్పుడు?” అని. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే నేడు మీ ముందుకు వచ్చితిని. ఏలయన, ఒకప్పుడు నేనును ఇట్లే తలచినవాడను.

నేను శబ్దమంజరి, అమరకోశము వల్లించి పెరిగితిని. వల్లెవేయుటయే విద్య యని నమ్మితిని. ఉద్యోగపు తొలినాళ్లలో ఒక బాలుడు 43లో నుండి 17 తీసివేసి, 34 మిగులునని పలకమీద వ్రాసెను. వాడు ఎక్కములు తడబడక అప్పగించువాడు. “పైన చాలనప్పుడు ప్రక్కనుండి ఒకటి అప్పు తెచ్చుకొమ్మంటిని గదా!” అని గద్దించితిని, బెత్తమునకును పని చెప్పితిని. మఱునాడును 34 అనియే వ్రాసెను. కొలది దినములకు వాడు బడి మానెను. ప్రక్కనుండి తెచ్చిన ఒకటి ఇచ్చట పది యెట్లగునో నేను వానికి చూపలేదు. దోషము వానిది కాదు, నాది.

ఈ పాఠమునే పుల్లలతో చెప్పు విధము వినుడు. చీపురుపుల్లలను పదేసి చొప్పున నారతో కట్టింతురు. 43 అనగా నాలుగు కట్టలు, మూడు విడిపుల్లలు. ఏడు పుల్లలు తీయుమనగా విడిగా మూడే యున్నవి. అప్పుడు బాలుడు తానే ఒక కట్టను విప్పును. విడిపుల్లలు 13 అగును. అందు ఏడు తీయగా ఆఱు మిగులును. ఉన్న మూడు కట్టలలో ఒకటి తీయగా రెండు నిలుచును. మొత్తము 26. అప్పు అను మాటకు అర్థము వాని చేతిలోనే తెలిసినది. ఇక దానిని మఱువడు.

ఇది పరదేశపు వింత కాదు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర 1823లో ప్రభుత్వమునకు పంపిన నివేదికలో, ఇచ్చటి బడులలో బాలుడు అక్షరములను ఇసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చునని తెలిపెను. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపనిని ఆధారముగా గొని చదువు సాగవలెనని ప్రతిపాదించెను. 1980వ దశకమున బ్రిటను సహాయముతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, పిల్లలు చేసి నేర్వవలెననియు, పరిసరములనే పాఠమునకు వాడవలెననియు ఉపాధ్యాయులకు బోధించెను. అట్టి బోధ వినుచు కూర్చున్ననాడు నా కన్నులయెదుట నిలిచినది ఆ బాలుని పలకయే.

పరిసరములన్నంతనే మా మఠంపల్లి సీమను చూడుడు. సిమెంటు కర్మాగారములకు ఆధారమైన సున్నపురాయి యిచ్చట కావలసినంత కలదు. ఆ రాతిపొడిమీద నిమ్మరసము పిండినచో చిన్న బుడగలు పొంగును. రాతిలో నణగియున్న బొగ్గుపులుసు వాయువు పులుపు తగిలి వెలువడుటయే దానికి కారణము. మామూలు ఇసుకమీద పిండిన పొంగదు. ఈ రెంటిని పోల్చి చూచిన బాలునకు రాళ్లన్నియు ఒక్కటి కావని తెలియును. కాల్చిన సున్నమును మాత్రము పిల్లల చేతికీయరాదు. అది కండ్లను, చర్మమును కాల్చును.

అయితే చేసినంతమాత్రమున చదువు రాదు. చేసి ఊరకుండిన అది ఆటయే. కావున పెద్దలకొక పరీక్ష చెప్పెదను. మనుమడు బడినుండి రాగానే “ఏమి చేసితివి?” అని అడుగుడు, వెంటనే “అట్లేల అయినది?” అని అడుగుడు. రెండవదానికి తన మాటలలో జవాబు చెప్పెనా, వాడు చదివినట్లే. చెప్పకున్నచో, ఉపాధ్యాయునితో నెమ్మదిగా ఆ మాట అనుడు. అర్థమైన పిమ్మట ఎక్కములు వల్లింపవలసినదే. అర్థమునకు తోడైన వల్లెయే నిలుచును.

మఱొక మనవి. వడ్లు నానబెట్టి మండెకట్టుట మీకు తెలిసినంతగా ఏ ఉపాధ్యాయునకు తెలియును? మీ ఇంటి తవ్వ, మానిక అటుకమీద నేల యుండవలెను? ఒకనాడు వానితో బడికి పొండు. మండెకట్టి చూపుడు, మానికకు ఎన్ని తవ్వలో పిల్లలచేతనే కొలిపింపుడు. బడిని రచ్చబండమీద నిందించుటకన్న అది మేలు. నావలె కొట్టి బడి మాన్పింపకుండ, మీరు పిల్లలను బడిలో నిలిపినవారగుదురు. సెలవు.